యుద్ధం దగ్గర ఆగిన పుస్తకం

డయాలసిస్ యంత్రం తిరగడం మొదలుపెట్టింది. హారతి ఎడమ చేతిలోంచి రక్తం సన్నటి గొట్టంలోకి వచ్చి, మంచం పక్కనున్న యంత్రం మీద మెలికలు తిరిగి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ ఆ చేతిలోకే వెళ్ళిపోతోంది. కన్నకూతురి రక్తం అలా బయట తిరగడం మొదలయ్యే ఆ క్షణం రత్నమాణిక్యానికి ఇన్నాళ్ళయినా అలవాటు కాలేదు. అందుకే ఎప్పుడూ చేసే పనే ఇవాళా చేసింది. ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, తులసి ఆకు పెట్టిన చోట తెరిచింది. ఆకు ఎండిపోయి అంచులు నల్లబడ్డాయి. వారాల తరబడి అది ఆ చోటనే ఉంది, అమెరికావాళ్ళు ఉత్తరమూ దక్షిణమూ అయి తమలో తాము కొట్టుకున్న యుద్ధం దగ్గర. అది కదలడం లేదని తనకు తెలుసు. హారతికి తెలియదని తన నమ్మకం. పక్క మంచం మీద ఎప్పుడూ ఉండే సత్యప్రసాద్ గారు ఇవాళ లేరు. ఎవరో కొత్తావిడ పడుకుని ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని. కనుకొలకుల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నా, సూది ఉన్న చెయ్యి కదిలితే ఏమవుతుందోనని తుడుచుకోవడం లేదు. మొదటిసారి కాబోలు, పాపం. ఆయన షిఫ్టు మార్చుకున్నారేమో. మార్చుకునేవారే అయితే ముందుగా చెప్పకుండా ఉంటారా, ఏదీ దాచుకోలేని మనిషి కదా.

"చదువమ్మా," అంది హారతి దుప్పటి మెడదాకా లాక్కుంటూ. ఏసీ చలి ఆ పిల్లకు పడదు.

చదవాలి. ఇంగ్లీషు అక్షరాలు ఇప్పుడు కళ్ళకు బాగానే ఆనుతున్నాయి. మొదట్లో ఒక్కో మాట దగ్గరా కాలు జారేది. తెలుగు మీడియంలో పదో తరగతితో ఆగిపోయిన చదువు, ఆ తర్వాత పెళ్ళి, వరి చేను, పాడి, పూజగది. ఇంగ్లీషంటే మందు సీసా మీద అక్షరాలు కూడబలుక్కోవడమే. హారతి ఇంట్లోనే ఉండి ఎమ్మే ఇంగ్లీషు చదువుతోంది. అన్ని పేపర్లూ రాసేసింది, ఇదొక్కటే మిగిలింది, అమెరికా సాహిత్యం మొదటి నుంచి ఈనాటిదాకా ఎలా పెరుగుతూ వచ్చిందనేది. సరిగ్గా అప్పుడే బీపీ కళ్ళను దెబ్బకొట్టింది. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయమ్మా, అంది ఒక పొద్దున్న, ఏడవకుండా, ఏదో వింత చెప్పినట్టు. అయితే నేను చదువుతాను నువ్వు విను, అంది తను, అలా అనగలనని అనేదాకా తనకే తెలియదు. అర్థం తెలియకుండా చదవడం తనకు కొత్తా ఏమిటి, పెళ్ళయిన దగ్గర్నుంచి సంస్కృతం స్తోత్రాలన్నీ అలా చదివినవే. నోటికి వచ్చాక అర్థం ఎప్పుడో ఒకనాడు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అందుకే ఈ పుస్తకాన్నీ తనకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టింది. స్నానం చేసి, ఏమీ తినకుండా, కళ్ళకద్దుకుని, తులసి ఆకు గుర్తు పెట్టుకుని. హారతి నవ్వింది. "అమ్మా, ఇది పాఠ్యపుస్తకమే. పారాయణం కాదు." తప్పా? అన్న ప్రశ్న రత్నమాణిక్యానికీ వచ్చింది. వేరే దేశం, వేరే దేవుడు, చివర పరీక్ష. దేవుడి ముందు నిలబడి అడిగింది కూడా. ఆయన కాదనలేదు. ఆయన ఏదీ కాదనడు, అవుననడు, అదే కదా వచ్చిన చిక్కు.

ఒక పేరా చదివింది. తుపాకులు, పొగ, దక్షిణాన కాలిన తోటలు. నోరు చదువుతూనే ఉంది, మనసు తెల్లవారుజామున నిడదవోలులో ఎక్కిన పాసింజరు దగ్గరికి పోయింది. కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కగానే హారతి కిటికీ వైపు జరుగుతుంది. కింద గోదావరి, ఈ వారం నిండుగా, ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ. అందరూ నాణేలు విసురుతారు, తనూ విసురుతుంది, పైకి అనకుండా పిల్ల పేరు అనుకుంటుంది. హారతి విసరదు. చూస్తుంది, అంతే. రోజుకు ఇంత అని కొలిచి తాగే పిల్ల అది. గొంతు ఆరిపోయినప్పుడు ఐసుముక్క నోట్లో పెట్టుకుని అది కరిగేదాకా మాట్లాడదు. అన్ని నీళ్ళ మీదుగా దాన్ని తీసుకుపోతుంటే రత్నమాణిక్యానికి ఒళ్ళంతా మండుతుంది. మొదట్లో కిటికీ తలుపు దించేసేది. "దించకమ్మా. చూస్తే తాగినట్టుంటుంది," అంది ఒకరోజు. అప్పట్నుంచి దించడం మానేసింది. అవతలి ఒడ్డు వచ్చేదాకా తను నీళ్ళు చూడదు, నీళ్ళు చూసే పిల్లను చూస్తుంది.

ఈ పుస్తకం మొదలైందీ నీళ్ళతోనే. ఆ సాహిత్యపు మొదటి శతాబ్దంలో ఓడ. చలి. ఎరుగని ఒడ్డు. అందులోంచి దిగినవాళ్ళు కథలు రాయలేదట, కథ అంటేనే పాపమట వాళ్ళకు. ప్రార్థనలు రాశారు, నరకం గురించి ఉపన్యాసాలు రాశారు, రోజూ రాత్రి కూర్చుని ఆ రోజు ఏమైందో దేవుడికి చెప్పుకుంటూ రాసుకున్నారు. పంట పోతే, పిల్ల పోతే, ఇది నా ఏ తప్పుకు గుర్తు ప్రభూ అని. ఆ మాట హారతి తెలుగులో చెప్పినప్పుడు రత్నమాణిక్యం చదవడం ఆపేసింది. వాళ్ళూ అదే అడిగారా. అన్నవరంలో, ద్వారకాతిరుమలలో, ఇంట్లో దీపం ముందు, తను అడిగిందీ ఆ ఒక్కటేగా. ఈ పిల్ల ఏం చేసిందని. నేనేం చేశానని. "వాళ్ళకి జవాబు వచ్చిందా?" అని అడిగింది. హారతి తల అడ్డంగా ఊపింది. "వచ్చినట్టు లేదమ్మా. అందుకే తర్వాతి శతాబ్దంలో వాళ్ళ మనవలు ప్రశ్న మార్చేశారు. దేవుడు ఎందుకిలా చేశాడని కాదు, మనుషులం ఏం చెయ్యగలం అని." ప్రశ్న మార్చుకోవడం. అంత తేలికా అది? వందేళ్ళు పట్టిందన్నమాట వాళ్ళకైనా. ఆ ఒడ్డున ముందు నుంచీ ఉన్నవాళ్ళ సంగతి పుస్తకంలో ఎక్కువ లేదు. వాళ్ళకు రాత లేదు, పాటలూ కథలూ నోటి మీద ఉండేవి, మనుషులు పోయాక వాటిలో చాలా పోయాయి. రెండు పేజీల్లో ముగించేశారు. తన అమ్మమ్మ పాడే దంపుళ్ళ పాటలు ఎక్కడున్నాయి ఇప్పుడు? తనకే ఒకటో రెండో చరణాలు. హారతికి అవీ రావు. ఆ తర్వాత ఎవరికి?

మూడో శతాబ్దం దగ్గరికి వచ్చేసరికి ఈ హాల్లో వినేవాళ్ళు పెరిగారు. అందుకు కారణం సత్యప్రసాద్ గారే. ధవళేశ్వరం మనిషి, ముప్పై ఏళ్ళు లారీ నడిపి, తునిలో ఏ హోటల్లో ఉప్మా బాగుంటుందో, కలకత్తాదాకా ఎక్కడ పోలీసు ఆపుతాడో చెప్పగలిగినవాడు. నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం ఆయనకు జైలు. "అమ్మాయ్, అమ్మ చదివింది మాకూ చెప్పమ్మా. ఈ పైకప్పు చూసి చూసి అందులో మచ్చలు బట్టీ అయిపోయాయి," అన్నారొకరోజు. అప్పట్నుంచి తను ఇంగ్లీషులో పేరా చదవడం, హారతి తెలుగులో చెప్పడం, అటు మంచాలూ ఇటు మంచాలూ చెవులు అప్పగించడం. పక్కన మనుషులు కూర్చోకూడదని నియమం ఉన్నా నర్సు ఉషారాణి ఈ కుర్చీ తీయించలేదు. పుస్తకం ఆగినరోజు బీపీలు పెరుగుతున్నాయని డాక్టరుకు చెప్పిందట. మనుషుల్ని సంతలో పశువుల్లా అమ్మిన కాలం వచ్చింది. అక్షరం నేర్చుకుంటే కొరడా దెబ్బలు. అయినా దొంగతనంగా నేర్చుకుని, పారిపోయి, తమ కథ తామే రాసుకున్నవాళ్ళు. ఆ రోజు హాల్లో ఒక్కరూ దగ్గలేదు. సత్యప్రసాద్ గారు చాలాసేపటికి, "రాసుకున్నారా? దెబ్బలు తిన్న చేత్తోనే?" అన్నారు. తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధం దగ్గర పుస్తకం ఆగిపోయింది.

ఆపింది తనే.

ఆ ముందు రోజు డాక్టరుగారు తనను బయట వరండాలోకి పిలిచారు. చిన్నవాడు, మంచివాడు, చెప్పాల్సింది చెప్పడానికి ముందు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గుండె బలహీనపడిందమ్మా. తన కిడ్నీ సరిపడదని అప్పటికే తెలుసు, తనకే షుగరు. భర్త చంద్రరావుది కలవలేదు. ఇంకెవరిదైనా దొరికేదాకా గుండె తట్టుకునేలా లేదమ్మా, ఎన్నాళ్ళని నేను చెప్పలేను. అతను ఇంకా ఏవో చెప్పాడు. రత్నమాణిక్యానికి మాత్రం ఆ క్షణాన, ఏ సంబంధమూ లేకుండా, అత్తగారు కనిపించారు. రత్తమ్మగారు, ముదురాకుపచ్చ చీరలో, శ్రీరామనవమి పందిట్లో పీట మీద. ఏటా ఆవిడ రామాయణ పారాయణం చేసేవారు. చివరి ఘట్టం చదివి మంగళం పాడాక పుస్తకం మూసేవారు కాదు. మళ్ళీ మొదటికి తిప్పి, మొదటి పద్యం ఒక్కటి చదివి, అప్పుడు మూసేవారు. ఎందుకత్తయ్యా అంటే, "అయిపోయిందనిపించుకోకూడదే పిల్లా. దేవుడి ఇంటికి వెళ్ళి తలుపు వేసి వస్తామా, దగ్గరగా జారేసి వస్తాం కాని," అనేవారు. ఆఖరి ఏడు మాత్రం ఒంట్లో ఓపిక లేదు. మంగళం అవగానే, ఈ ఏటికి చాలులే అని పుస్తకం మూసేశారు. పానకం అందరికీ పోశారు. వడపప్పు తన చేత్తోనే పంచారు. సాయంత్రం నడుం వాల్చి లేవలేదు. అందరూ పుణ్యాత్మురాలన్నారు. పారాయణం ముగించుకుని వెళ్ళిందన్నారు. ముగించుకుని. ఆ మాట రత్నమాణిక్యం మనసులో ఎక్కడో ఇరవై ఏళ్ళుగా పడి ఉంది, డాక్టరు మాటతో లేచి కూర్చుంది. ఈ పుస్తకం ముగియకూడదు. ముగిస్తే పిల్ల వెళ్ళిపోతుంది. చదువుకున్నవాళ్ళు వింటే నవ్వుతారని తెలుసు. అయినా మర్నాటి నుంచి రెండు పేజీలు ముందుకు, రెండు వెనక్కి. చదివిందే చదివింది. కళ్ళు లాగుతున్నాయంది, గొంతు నొప్పంది. హారతి కూడా ఎందుకని అడగలేదు, చెప్పిందే మళ్ళీ ఓపిగ్గా చెప్పింది. నెల తిరిగితే పరీక్ష. సత్యప్రసాద్ గారు మాత్రం ఊరుకోలేదు. "ఏం చెల్లెమ్మా, ఇంకా యుద్ధమేనా? అమెరికావాళ్ళు నాలుగేళ్ళలో తేల్చుకున్నారన్నావ్. నువ్వు వాళ్ళకంటే ఎక్కువ కొట్టించేలా ఉన్నావే!" హాలంతా నవ్వింది. పోయిన వారం ఆయన నవ్వించలేదు, ముఖం ఉబ్బి ఉంది. వెళ్ళబోతూ తువ్వాలు భుజాన వేసుకుని, "గొలుసులు ఊడదీశాక వాళ్ళెక్కడికి పోయారమ్మా? అది చెప్పు ఈసారైనా. ఇంట్లో మా ఆవిడ కూడా అడుగుతోంది," అన్నారు. చెబుతానన్నయ్యా, అంది తను.

ఉషారాణి బీపీ చూడటానికి వచ్చింది. పట్టీ కట్టి, అంకె చూసి రాసుకుంది. అంకె బాగాలేదని రత్నమాణిక్యానికి ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

"సత్యప్రసాద్ గారు షిఫ్టు మార్చుకున్నారా సిస్టర్?"

ఉషారాణి హారతి వైపు చూసింది, తర్వాత కొత్తావిడ వైపు, తర్వాత తలుపు వైపు. గొంతు తగ్గించింది. "ఆదివారం పోయారాంటీ. ఇంట్లోనే. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ." పట్టీ విప్పి మడిచింది. "వాళ్ళావిడ ఫైలు తీసుకెళ్ళడానికొచ్చి మిమ్మల్ని అడిగారు. ఆ పుస్తకం చదివే అమ్మగారు ఎవరండీ అని."

యంత్రం తిరుగుతూనే ఉంది. పోయారా. యుద్ధంలోనే నిలబడి ఉన్నారుగా ఆయన. తను నిలబెట్టింది. ఆ గొలుసులు ఊడినవాళ్ళు ఎక్కడికి పోయారో తర్వాతి పేజీలోనే ఉంది, తను ఒకసారి దొంగచాటుగా చూసింది కూడా, రైళ్ళెక్కి ఉత్తరానికి పోయారు, పట్నాల్లో ఇరుకు గదుల్లో పాటలు కట్టారు, ఆ పాటల్లోంచి కొత్త కవిత్వం పుట్టింది. చెప్పడానికి ఎంతసేపు? ఆయన రైలూ లారీ అంటే చెవి కోసుకునేవారు. ముగించనంతకాలం ఎవరూ పోరనుకుంది. పుస్తకం ముగియలేదు, ఆయన పోయారు. ఆకు కదల్లేదు, ఆదివారం వచ్చింది. మరి తను పట్టుకుని ఆపింది దేన్ని? చావునా? చావు తన పని తను చేసుకుపోయింది. తను ఆపింది కథను, ఒక మనిషి అడిగి మరీ వినాలనుకున్న కథను. స్వామీ, నేను నీతో బేరమాడాననుకున్నాను, నువ్వసలు ఆ బేరంలో లేనే లేవా?

"అమ్మా." హారతి కళ్ళు తెరవలేదు. "విన్నాను."

"ఏం వినలేదులే, పడుకో."

"అమ్మా, ఆ తలుపు అద్దానిది, పూర్తిగా మూసుకోదు. ఆ రోజు డాక్టరుగారు నీకు చెప్పింది కూడా విన్నాను." యంత్రం చప్పుడులో ఆ గొంతు మామూలుగానే ఉంది, మార్కెట్లో ఏం కొనాలో చెప్పినట్టు. "నువ్వు ఆగిపోయింది ఆ మర్నాటి నుంచేగా. నాయనమ్మ సంగతి నాకు చెప్పావుగా నువ్వే, చిన్నప్పుడు."

రత్నమాణిక్యం పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది. అక్షరాలు కనపడటం లేదు.

"తెలిసి మరి నన్నెందుకు చదవనిచ్చావే, అన్నిసార్లూ అదే పేజీ?"

"నీకు కావాలిగా అని." దుప్పటి కింద కాళ్ళు ముడుచుకుంది. "పరీక్ష రాస్తానో లేదో నాకు తెలీదమ్మా. రాయకపోయినా ఫర్వాలేదు. కానీ అంకుల్‌లాగా మధ్యలో వద్దు. చివరిదాకా ఏమైందో నాకు వినాలనుంది. నీ గొంతుతో."

అలాంటిదేం లేదే, నీకేం కాదే అని తల్లి అనాలి. నోటిదాకా వచ్చింది. అబద్ధం చెబితే ఈ పిల్ల మళ్ళీ ఒంటరిగా అద్దం తలుపు అవతల ఉండిపోతుంది, తను ఇవతల. రత్నమాణిక్యం చెంగుతో కళ్ళూ, ఆ తర్వాత పుస్తకం మీద పడ్డ చుక్కా తుడిచింది. తులసి ఆకు తీసింది. వేళ్ళ మధ్య అది పొడి అయిపోయింది. ఆ పొడిని హారతి తలగడ పక్కన చల్లి, పేజీ తిప్పింది.

చదివింది. గొలుసులు ఊడాయి. రైలు పట్టాలు పడ్డాయి, పట్నాలు లేచాయి, కలల్లోంచి దిగి ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టారు, గనిలో పనివాడు, మిల్లులో ఆడపిల్ల, వంటింట్లో ఊపిరాడని ఇల్లాలు. హారతి ప్రతి పేరాకీ తెలుగు చెప్పలేదు, ఓపిక లేక, అవసరమూ లేక. చాలామటుకు రత్నమాణిక్యానికి తెలిసిపోతోంది. రైళ్ళెక్కి ఉత్తరానికి పోయినవాళ్ళ దగ్గర గొంతు కొంచెం పెంచింది, పక్క మంచం వైపుకు తిరిగి. అక్కడ ఆయన లేరని తెలుసు. అయినా పెంచింది. విను అన్నయ్యా, ఇదీ సంగతి. లోకమంతా కమ్మిన యుద్ధం వచ్చింది, ఒకటి కాదు రెండు, దేవుడి మీద నమ్మకం పోయినవాళ్ళు పొట్టిపొట్టి వాక్యాలు రాశారు. ఆ నమ్మకం పోవడం చదువుతుంటే రత్నమాణిక్యానికి మొదటిసారి వాళ్ళ మీద కోపం రాలేదు. ఎంత దెబ్బ తగిలితే పోతుంది, పాపం. తనకు పోలేదు. ఎందుకు పోలేదో కూడా తెలియదు. అలిగింది, అంతే, ఇంట్లో మనిషి మీద అలిగినట్టు. తర్వాత ఎక్కడెక్కడి దేశాల నుంచో వెళ్ళినవాళ్ళు, వాళ్ళ అమ్మల వంటలూ వాళ్ళ భాషల ముక్కలూ కలిపి ఆ సాహిత్యంలో పోశారు. హారతి ఒకసారి కళ్ళు తెరిచి పైకప్పు చూసింది, మళ్ళీ మూసుకుంది. గుక్క తిప్పుకోకుండా చదివింది రత్నమాణిక్యం, గొంతు బొంగురుపోయింది, ఎవరో మంచినీళ్ళ సీసా ఇచ్చారు, హారతి ముందు తాగలేక పక్కన పెట్టింది.

ఆఖరి పేజీ వచ్చింది. మంగళ వాక్యంలాంటిది ఏదో ఉంటుందని భయపడింది. అలాంటిదేమీ లేదు. అభ్యాస ప్రశ్నలున్నాయి. ఈ కింది వాటిలో ఏ రెండింటికైనా జవాబులు రాయండి.

"అంతేనా?" అంది.

"అంతే." హారతి పెదవులు ఎండిపోయి ఉన్నాయి, వాటి మీదే నవ్వింది. "ప్రశ్నలతో అయిపోయింది చూశావా."

రత్నమాణిక్యం పుస్తకం మూయబోయింది. చెయ్యి దానంతట అదే ఆగింది. పేజీలన్నీ కలిపి పట్టుకుని, శతాబ్దాలన్నీ ఒక్కసారిగా తిప్పి మొదటికి వచ్చింది. ఓడ. చలి. ఎరుగని ఒడ్డు. మొదటి వాక్యం చదివింది, నెమ్మదిగా, తడబడకుండా.

హారతి సూది లేని చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసి తల్లి మోకాలి మీద పెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

పక్క మంచం మీది కొత్తావిడ కళ్ళు తెరిచింది. చెవి దాకా కన్నీటి చారలు ఎండిపోయి ఉన్నాయి. చెయ్యి కదపకుండా తల మాత్రం ఇటు తిప్పి అడిగింది.

"ఏం పుస్తకమండీ అది? ఇప్పుడే మొదలెట్టారా?"

రత్నమాణిక్యం కూతురి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఆఁ, ఇప్పుడేనండి," అంది. "మీరూ వినండి."